చంద్రమండల పటములు

అట్లతద్దినాడు చంద్రదర్శనమైన పిదపగాని కోనసీమ యాడపడుచులు భోజనము చేయరు. ఆ చంద్రునిలో కుందేలున్నదని మనము పిల్లలకు చెప్పుదుము. ఆ నల్లని మచ్చలు పూర్వము కరగిన శిలలు ప్రవహించి గడ్డకట్టిన మైదానములు. నేడు వానికిని, చుట్టునున్న కొండలకును, గుంటలకును పటములు గలవు. ‘సెలెస్టియా’ వంటి ఉచిత సాధనములచే అమలాపురములోనో, రాజోలులోనో యింట గూర్చున్న బాలిక కంప్యూటరు తెరపై ఆ కొండల మీదుగా విహరింపవచ్చును.

ఇట్టి విహారమునకు రెండు పటములు కావలెను. ఒకటి నేల రంగును తెలుపును. రెండవది ఎత్తుపల్లములను తెలుపును. రంగుల పటములో నీడ లుండరాదు. సూర్యుడున్న దిక్కునుబట్టి నీడలను కంప్యూటరే వేయును. పటములో ముందే నీడలున్నచో ఒక కొండకు రెండు నీడలు పడును. ఎత్తుల పటమునకు మాత్రము నీడలు సాయపడును. పూర్ణిమనాటి చంద్రుడు చదునుగా దోచును. అష్టమినాడు వెలుగు చీకట్ల సరిహద్దున నీడలు సాగి కొండల ఎత్తు తెలియును. 2009లో అమెరికావారు పంపిన నౌక లేజరు కిరణమును నేలకు పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి ఎత్తులను కొలిచినది. 2008లో మనవారు పంపిన చంద్రయాన్ ఒకే స్థలమును ముందునుండియు, పైనుండియు, వెనుకనుండియు చిత్రించినది. మన రెండు కన్నులు దూరమును గ్రహించునట్లే ఆ చిత్రములనుండి ఎత్తు తేలును.

ఈ విద్యలో స్త్రీల పాలు తక్కువది కాదు. ఇంగ్లండులో 1858లో పుట్టిన మేరీ బ్లాగ్ సోదరుని పుస్తకములు చదివి గణితము నేర్చుకొనెను. పూర్వపు పటములలో ఒకే గుంటకు పలు పేరు లుండెడివి. ఆమె వానినన్నిటిని పోల్చి 1913లో ఒక పట్టిక ప్రకటించెను. 1935లో ఆమెయు, కార్ల్ ముల్లరును కూర్చిన గ్రంథము లోకమునకు ప్రమాణమయ్యెను. ఒక గుంటకు ఆమె పేరు పెట్టిరి.

ఇది వట్టి వినోదము కాదు. 2019 సెప్టెంబరులో మన విక్రమ్ చంద్రునిపై కూలినది. నాడు దిగుటకు నిర్ణయించిన చోటు 500 మీటర్ల చతురము. చంద్రయాన్ 2 నౌక మాత్రము చంద్రుని చుట్టు తిరుగుచు, జానెడుకంటె కొంచెము పెద్దదైన వస్తువును సైతము గుర్తింపగల చిత్రములు తీసినది. వాని సాయమున 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు గల చోటు నిర్ణయించిరి. శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్ 3 తన కెమెరా చూచినదానిని వెంటనున్న పటముతో పోల్చుకొనుచు 2023 ఆగస్టు 23న క్షేమముగ దిగినది.

కావున తల్లులారా, మీ కుమార్తె తెరపై చంద్రుని చూచుచున్నచో ఆటలని కసరకుడు. ఏ గుంట ఎక్కడున్నదో వ్రాసికొమ్మనుడు. మగపిల్లవానికిచ్చు కంప్యూటరును, తీరికను ఆడుపిల్లకును ఇయ్యవలెనని మా మనవి.