సభాకంపము - స్వానుకంప

పదిమంది ఎదుట నిలిచి నాలుగు మాటలు పలుకవలసి వచ్చినపుడు గొంతు తడియారుట, అరచేతులు చెమర్చుట మనకందరకు అనుభవములోనివే. తెలుగులో దీనిని సభాకంపము అందురు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో 'ఝిజక్' అను మాట వినబడును. కొంత మేరకు ఇది సహజమే. కాని ఒక దరఖాస్తు ఫారము అడుగుటకు, నలుగురిలో భోజనము చేయుటకు సైతము జంకి, చదువును, ఉద్యోగమును వదలుకొను స్థితి వచ్చినపుడు వైద్యులు దానిని రుగ్మతగా ఎంచుదురు. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో తన రోగనిర్ణయ గ్రంథమున దీనికి ప్రత్యేక స్థానము కల్పించినది.

ఈ భయము పెరుగు తీరును డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అను బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1995లో వివరించిరి. భయపడువాడు సభను చూచుట మాని తననే చూచుకొనును. తన గుండెదడ తనకు తెలియుచున్నది గనుక ఎల్లరకు తెలియుచున్నదని తలచును. తప్పు దొర్లకుండుటకై ప్రతి వాక్యమును మనసులో పలుమార్లు సరిచూచుకొనును. అందువలననే మాట మరింత తడబడును. ఇంటికి చేరిన పిదప ఆ తడబాటునే నెమరు వేసికొనును. అసలు హాని ఈ రాత్రి విచారణలోనే కలదని మా అభిప్రాయము. ముద్దాయి, ఫిర్యాది, న్యాయమూర్తి ఒక్కరే అయిన ఆ కచేరీలో వకీలు మాత్రము ఉండడు.

స్వానుకంప అనగా ఆ వకీలును పిలుచుకొనుట. అనుకంప అను పదములోను కంపమే ఉన్నది. వణకువానితో కూడ వణకుట అని దాని మూలార్థము. టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో ఇందు మూడు అంశములను చెప్పినది: మిత్రునిపై చూపు దయను తనపైనను చూపుట, లోపములు మనుష్యులందరికి ఉన్నవని ఎరుగుట, బాధను దాచక, పెంచక ఉన్నదున్నట్లు గమనించుట.

సభాకంపము గలవానికి రెండవది మిక్కిలి అవసరము. అందరును తననే చూచుచున్నారని అతని నమ్మకము. 2000లో ప్రకటితమైన కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రయోగములో కొందరు విద్యార్థులకు సిగ్గు గొలుపు బొమ్మ గల చొక్కా తొడిగి తోటివారున్న గదిలోనికి పంపిరి. సుమారు సగముమంది ఆ బొమ్మను గుర్తింతురని వారు అనుకొనిరి. గుర్తించినది దాదాపు నాలుగవ వంతు మాత్రమే.

తనపై తాను దయ చూపుకొన్నచో విద్యార్థి సోమరి కాడా అని పెద్దలు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రకటించిన ప్రయోగమొకటి దీనికి సమాధానము. కఠినమైన పదపరీక్ష వ్రాసిన విద్యార్థులలో కొందరికి, అది పలువురికి కష్టమేననియు, తమ్ము తాము నిందించుకొనవలదనియు చెప్పిరి. అట్లు చెప్పించుకొన్నవారే తదుపరి పరీక్షకు ఎక్కువసేపు చదివిరి.

ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు నడుమ నలుగు మన విద్యార్థులకు ఉచ్చారణ భయము అదనపు బరువు. మాట జారిన నాటి రాత్రి, అదే మాట తన స్నేహితుడు జారియుండినచో ఏమి చెప్పియుందురో దానిని కాగితముపై తమకే వ్రాసికొని చూడవలెను. ఇంతటితో భయము పోదు. మరునాడు మరల నోరు విప్పవలెను. మొదట ప్రక్క బల్లవానితో, తరువాత తరగతిలో ఒక ప్రశ్న, ఆపై వేదిక. అప్పటికిని భయము చదువునే ఆపుచున్నచో వైద్యుని చూచుట మేలు.