బలానికి సెలైన్: సీసాలో ఏముంది?

జ్వరం తగ్గినా నీరసం వదలకపోతే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "ఒక సెలైన్ ఎక్కించుకుంటే బలం వస్తుంది" అని. వీధి చివరి క్లినిక్‌లో స్టాండుకు వేలాడే సీసా, అందులో కలిపే పసుపురంగు విటమిన్ మందు మనకు కొత్తవి కావు. ఇప్పుడు నగరాల్లో అదే 'విటమిన్ డ్రిప్' పేరుతో, మెరిసే చర్మం, రోగనిరోధక శక్తి వంటి హామీలతో వేల రూపాయలకు దొరుకుతోంది. సీసాలో ఏముంది, అది శరీరంలోకి వెళ్లాక ఏమవుతుంది, సూది నిజంగా ఎవరికి అవసరం అన్నవి ఈ పాఠంలో తెలుసుకుందాం.

సీసాలోని బలం ఎంత?

ముందుగా చిన్న లెక్క వేద్దాం. సాధారణ సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పునీరు. 500 మిల్లీలీటర్ల సీసాలో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానివల్ల వచ్చే కేలరీలు సున్నా. 5 శాతం గ్లూకోజు సీసా అయితే అందులో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. దాని శక్తి 100 కేలరీలకు మించదు. రెండు ఇడ్లీలు తిన్నా దాదాపు అంత శక్తి వస్తుంది, పైగా కొన్ని మాంసకృత్తులు కూడా అందుతాయి.

ఇక విటమిన్లు. బి వర్గం విటమిన్లు, సి విటమిన్ నీటిలో కరుగుతాయి. నోటి ద్వారా తీసుకున్నప్పుడు సి విటమిన్ మోతాదు పెరిగేకొద్దీ పేగు దానిలో తక్కువ శాతాన్నే లోపలికి తీసుకుంటుంది. సిరలోకి ఎక్కిస్తే ఈ అదుపు ఉండదు. రక్తంలో దాని స్థాయి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాని మూత్రపిండాలు ఆ అదనాన్ని కొన్ని గంటల్లోనే బయటికి పంపేస్తాయి. బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుపురంగులో రావడం మీరు గమనించే ఉంటారు. అది బి2 విటమిన్ రంగు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పురుషులకు రోజుకు 80 మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు. ఒక మోస్తరు జామకాయలో అంతకన్న ఎక్కువే ఉంటుంది.

మరి హుషారు ఎలా వస్తుంది?

"ఎక్కించుకున్నాక తేలికగా ఉంది కదా!" అని మీరు అడగవచ్చు. గంటసేపు విశ్రాంతిగా పడుకోవడం, ఒంట్లోకి నీరు చేరడం, తగ్గుతుందన్న నమ్మకం, ఈ మూడూ పనిచేస్తాయి. 2009లో అమెరికాలో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో, దీర్ఘకాలిక ఒళ్లునొప్పులున్న 34 మందిలో కొందరికి విటమిన్ డ్రిప్, మిగిలినవారికి విటమిన్లు లేని లవణద్రావణం 8 వారాలపాటు ఎక్కించారు. రెండు వర్గాలవారికీ ఉపశమనం కలిగింది. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పేగు పనిచేస్తున్నప్పుడు నోరే మంచి దారి అనడానికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, బేకింగ్ సోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచేత తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును, దానితోపాటు నీటిని లోపలికి తీసుకుంటుంది. నేటి ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనుక ఉన్న సూత్రం ఇదే.

నష్టాలు

నాతో పనిచేసిన ఒక మాష్టారు నీరసమని నెలకోసారి గ్లూకోజు సీసా పెట్టించుకునేవారు. రెండురోజులు బాగుండేది, మళ్లీ మామూలే. ఏడాది తర్వాత కంటి ఆపరేషన్‌కు వెళితే, అక్కడి రక్తపరీక్షలో మధుమేహం బయటపడింది. చక్కెర ఎక్కువై నీరసించిన మనిషికి మేము చక్కెరే ఎక్కించాము. ఆయనను మొదటిసారి ఆ క్లినిక్‌కు తీసుకువెళ్లింది నేనే. అన్నిటికన్న పెద్ద నష్టం ఇదే: సీసా నీరసాన్ని కాసేపు కప్పిపెడుతుంది, అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

రెండవది సూది వల్ల వచ్చే ముప్పు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో సిరంజీలను మళ్లీ మళ్లీ వాడటంవల్ల హెపటైటిస్-బి వ్యాపించి పదుల సంఖ్యలో మరణించారు. 2019లో పాకిస్తాన్‌లోని రతోదేరోలో వందలాది పిల్లలకు హెచ్ఐవి సోకింది. అక్కడా వాడిన సూదులే ప్రధాన కారణమని తేలింది.

మూడవది మోతాదు. డి విటమిన్ కొవ్వులో కరిగి శరీరంలో నిలవ ఉంటుంది. 6 లక్షల యూనిట్ల ఇంజక్షన్‌ను పరీక్ష లేకుండా పదేపదే తీసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి సిరలోకి ఎక్కించే భారీ మోతాదు సి విటమిన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

సూది ఎవరికి కావాలి?

బి12 విటమిన్‌ను పేగు లోపలికి పీల్చుకోవాలంటే జీర్ణాశయంలో తయారయ్యే ఒక ప్రత్యేక ప్రోటీను తోడు కావాలి. అది లోపించినవారికి, జీర్ణాశయాన్ని తొలగించినవారికి బి12 ఇంజక్షన్ నిజంగా ప్రాణరక్షకం. ఆగని వాంతులు, తీవ్రమైన నిర్జలీకరణం ఉన్నవారికి సెలైన్ తప్పనిసరి. అటువంటప్పుడు భయపడి వాయిదా వేయకూడదు.

ఈసారి ఎవరైనా "ఒక సీసా పెట్టేద్దాం" అంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏ లోపానికి? ఆ లోపం రక్తపరీక్షలో తేలిందా? ఇదే మందు మాత్రగా తీసుకోవచ్చా? సూది, సిరంజి కొత్తవి నా కళ్లముందే తెరుస్తారా? ఈ ప్రశ్నలకు మంచి వైద్యులు ఓపికగా జవాబు చెబుతారు. జవాబు రాకపోతే, ఆ సీసా డబ్బుతో ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి.