వార్తల్లో పదం: డెస్టినేషన్ వెడ్డింగ్

చుట్టాలందరినీ వేరే ఊరికి తీసుకెళ్లి, రెండు మూడు రోజులు అక్కడే ఉంచి చేసే పెళ్లి ఇది. విదేశాల్లో కాకుండా దేశంలోనే పెళ్లిళ్లు చేసుకోండని 2023 నవంబరు ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ కోరాక ఈ మాట బాగా నలిగింది.

ఇలాంటి పెళ్లికి ఉమ్మడి అనంతపురం జిల్లాలో అందరి కళ్లూ పడేది లేపాక్షి మీదే. అక్కడి 16వ శతాబ్దపు గుడిలో అసంపూర్తి కల్యాణమండపం ఉంది. స్తంభాల నిండా శివపార్వతుల పెళ్లికి తరలివచ్చిన దేవతలూ మునులూ. (ఇంతకు మించిన అతిథుల జాబితా ఎవరికి దొరుకుతుంది?) అయితే మనకక్కడ విందు కుదరదు. కేంద్ర రక్షిత కట్టడాల్లో రిసెప్షన్లు, పార్టీలు 1959 నిబంధనల ప్రకారం కేంద్రం అనుమతి లేనిదే నిషిద్ధం; ఆనవాయితీగా సాగే మతాచారాలకే మినహాయింపు. బస, భోజనాలు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని హిందూపురంలో పెట్టుకుని, పొద్దున్నే దర్శనానికి వెళ్లడం మేలు. కరవు సీమ కదా, వైశాఖ ముహూర్తం వద్దు, మాఘం చూసుకోండి. నీళ్ల ట్యాంకర్లు ముందే మాట్లాడుకోండి.