సంతకం ఒక్కటే నాది

సిబిల్ స్కోరు మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ చెప్పినప్పుడు గడువు శుక్రవారం. స్కోరు ఎలా పెంచుకోవాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఆ స్కోరు ఏ కాగితం నుంచి పుడుతుందో ఆ కాగితాన్నే చదువుదామని ఖిలా వరంగల్ వెళ్లాను. తోరణాలు చూసి వెనుదిరిగే వాళ్లకు తెలియదుగానీ కోట గోడల లోపల మధ్యకోట, పడమరకోటల్లో జనం కాపురాలున్నాయి. సేద్యమూ ఉంది, అప్పులూ ఉన్నాయి.

మధ్యకోటలో ఒక కూరగాయల రైతుకు బండి లోను రాలేదు. "సిబిల్ ఖరాబైందన్నరు సార్. ఎందుకైందో చెప్పలే" అన్నాడు. ఆయన కొడుకు ఫోన్లో రిపోర్టు తెరిచాడు. గోల్డ్ లోను, పంట రుణం రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడో పద్దులో యాజమాన్యం అన్నచోట ‘గ్యారంటర్’ అని ఉంది. రైతు మొహం మారింది. "ఆ అప్పు నాది కాదు సార్, మా బామ్మర్దిది. సంతకం ఒక్కటే నాది."

జమానతు సంతకం పెట్టిన అప్పు మన రిపోర్టులోకీ వస్తుంది. అసలువాడు కట్టకపోతే ఆ దెబ్బ మనకూ తగులుతుంది. సంతకం పెట్టించుకునేటప్పుడు ఈ ముక్క ఎంతమందికి వివరించి చెబుతున్నారు?

పద్దు కింద నెలలవారీగా మూడేసి అంకెలుంటాయి. 36 నెలల దాకా వెనక్కి పోతాయి. 000 అంటే గడువు దాటిన బాకీ లేదని, 030 అంటే 30 రోజులు ఆలస్యమని. ఎక్స్ అక్షరాలు మూడు కనిపిస్తే ఆ నెల సమాచారం బ్యాంకు ఇవ్వలేదని అర్థం, అప్పు కట్టలేదని కాదు. ఈయన పద్దులో మూడు నెలలు వరుసగా ఆలస్యం కనిపించింది. అది నిజమేనని బామ్మర్ది ఒప్పుకున్నాడు. కానీ తర్వాత అప్పంతా తీర్చేశాడు, నో డ్యూ సర్టిఫికెట్ కూడా ఉంది. రిపోర్టులో మాత్రం పద్దు ఇంకా ‘ఓపెన్’, బాకీ అలాగే ఉంది. ‘చివరిగా తెలిపిన తేదీ’ చూస్తే విషయం బయటపడింది: అప్పు తీరకముందే ఆ తేదీ ఆగిపోయింది. ఆ తర్వాత బ్యాంకు వివరమే పంపలేదు.

ఆలస్యమైన ఆ మూడు నెలలను ఎవరూ చెరపలేరు, చెరపకూడదు కూడా. ‘సిబిల్ క్లీన్ చేస్తాం’ అంటూ డబ్బడిగేవాళ్లను నమ్మొద్దు. తీరిన అప్పును తీరినట్టు రాయించుకోవడం మాత్రం రైతు హక్కు.

చరిత్ర క్లుప్తంగా: రుణ సమాచార సంస్థ సిబిల్ 2000లో పుట్టింది. రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చి, 2006 డిసెంబరు 14 నుంచి అమలైంది. 2010లో సూక్ష్మరుణాల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, ఉమ్మడి రాష్ట్రం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఒకే మనిషికి ఎన్ని సంస్థలు అప్పిచ్చాయో చూసే ఏర్పాటు లేకపోవడం ఆ సంక్షోభానికి ఒక కారణం. ఇప్పుడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలున్నాయి. పర్యవేక్షణ రిజర్వు బ్యాంకుది.

ఏం చేయాలి?
నాలుగు సంస్థల్లోనూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితం. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పుంటే సంస్థకుగానీ బ్యాంకుకుగానీ ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో పరిష్కరించాలి, అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. సలహాకు 14448.

చట్టం మంచిదే. కానీ ఆ రైతు చేతికొచ్చిన రిపోర్టు మొత్తం ఇంగ్లిషులో ఉంది. కొడుకు లేకపోతే ఆయనకది తెరవడమే రాదు. బ్యాంకు శాఖలోనే, తెలుగులో, అచ్చు కాగితం మీద ఇచ్చే ఏర్పాటు రిజర్వు బ్యాంకు చేయించాలి. అంతదాకా హక్కు సగమే.

ఈలోగా ఒకటి గుర్తుపెట్టుకోండి. 2005 నాటి ఆ రుణ సమాచార చట్టం 21వ సెక్షన్ ప్రకారం, మీరు లోనుకు దరఖాస్తు చేసిన బ్యాంకు మీ గురించి తెప్పించుకున్న సమాచారం నకలును మీరు అడగొచ్చు. సిబిల్ బాగాలేదని తిప్పి పంపితే ఊరికే లేచి రాకండి. ఆ కాగితం అడిగి తీసుకోండి.