అన్నవాహిక శస్త్రచికిత్స పిమ్మట రక్తపరీక్ష తెలుపు సంగతులు

అన్నవాహికకు క్యాన్సరు సోకినపుడు, రోగి తట్టుకొనగలిగినచో, వైద్యులు వ్యాధిగ్రస్తమైన భాగమును కోసి తీసివేసి, జీర్ణాశయమును గొట్టమువలె మలచి పైకి తెచ్చి, మిగిలిన అన్నవాహికతో కలిపి కుట్టుదురు. రోగి క్షేమము చాలవరకు ఈ అతుకు మానుటపై ఆధారపడియుండును. అతుకు విడి లోపలి ద్రవము ఛాతీలోనికి కారినచో ప్రాణాపాయము కలుగవచ్చును. తొలిదశలో రోగి పైకి బాగుగనే కనిపించుట ఇందలి చిక్కు. నీరసించిన మనిషినుండి మాటిమాటికి రక్తము తీయనేల యని బంధువులు అడుగుట సహజము; కారణ మిదియే.

ఆ రక్తములో ముఖ్యముగా చూచునది సి-రియాక్టివ్ ప్రోటీన్ అను మాంసకృత్తు. దీనికి తెలుగున మంచి పేరు కుదరలేదు గనుక ఆసుపత్రి చీటీలలో వలెనే సి.ఆర్.పి. అని వ్రాయుచున్నాము. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తరసమున దీనిని కనుగొనిరి. శరీరమున ఎచ్చట గాయమైనను, వాపు కలిగినను కాలేయము దీనిని విస్తారముగా తయారుచేయును. శస్త్రచికిత్సయు గాయమే గదా! కావున తరువాతి రెండు మూడు దినములలో ఇది అందరిలోను పెరుగును. ఆ అంకెను చూచి బెదరనక్కరలేదు.

చూడవలసినది ఆ పిమ్మటి నడక. ఉత్పత్తి ఆగినచో రక్తమునందలి సి.ఆర్.పి. ఇంచుమించు 19 గంటలలో సగమగును. మూడవ దినము మొదలు ఐదవ దినమువరకు అది చక్కగా దిగుచుండినచో అతుకు నిలిచినదను ధైర్యము వైద్యులకు కలుగును. దిగక నిలిచినను, మరల పెరిగినను అనుమానింపవలయును. అయితే న్యుమోనియా వచ్చినను ఇది పెరుగును. కావున ఒక్క అంకెతో తీర్మానింపక, సి.టి. స్కాను, ఎండోస్కోపి పరీక్షలతో నిజము తేల్చుకొందురు.

శస్త్రచికిత్సకు ముందు ఆల్బుమిన్ అను మరియొక మాంసకృత్తును కొలుతురు. డెసిలీటరునకు 3.5 గ్రాములకన్న తక్కువయున్నచో చిక్కులు కలుగు అవకాశము హెచ్చు. మ్రింగలేక చిక్కినవారిలో ఇది తగ్గియుండుట కలదు. కాని కేవలము తిండిలేమికే గుర్తని తలపరాదు, వాపువలనను తగ్గును.

శస్త్రచికిత్స పిమ్మట సి.ఆర్.పి. తగ్గినంత మాత్రమున క్యాన్సరు తిరిగి రాదని అర్థము కాదు. ఆ అంచనాకు తీసివేసిన భాగమును, లింఫు గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు.

ఇంటికి చేరిన పిమ్మట జ్వరము, ఛాతీనొప్పి, ఆయాసము, గుండెదడ కలిగినచో, రక్తపరీక్ష ఫలితముల చీటీలు వెంట తీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలయును. వైద్యుడు చూచువరకు రోగికి నోటిద్వారా ఏమియు ఈయరాదు.