మనుషులకంటే ముందు పేజీలొచ్చాయి

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో తీరగ్రామం దుగరాజపట్నం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. సముద్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, బకింగ్‌హాం కాలువా అంతే. తెలుగు వికీపీడియాలో మాత్రం వాకాడు, కోట, చిల్లకూరు, తడ మండలాల ఊళ్ల పేజీలన్నిటికీ పని పడింది. జిల్లా పేరు ఒక్కచోట మారిస్తే సరిపోదు. వ్యాసం మొదట్లో, పక్కనున్న సమాచారపెట్టెలో, అడుగున వర్గంలో కూడా మార్చాలి. అటు కందుకూరు వైపు ఊళ్లేమో ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చాయి.

ఈ పేజీలు నడిచే వికీ పద్ధతిని 1995లో అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ తయారుచేశాడు. ఎవరైనా పేజీని దిద్దవచ్చన్నది అతని ఆలోచన. 2001లో మొదలైన వికీపీడియాకు మరుసటి ఏడు జర్మనీ విద్యార్థి మాగ్నస్ మాన్‌స్కే కొత్త సాఫ్ట్‌వేర్ రాశాడు. అందులో ప్రతి పాత కూర్పూ భద్రంగా ఉంటుంది. పేజీని పాడుచేయడానికి ఎంత శ్రమో, తిరిగి నిలబెట్టడానికి అంతకంటే తక్కువ. అసలు కిటుకు అదే.

జనం పెరిగాక ఇంగ్లీషు వికీ స్వభావం మారింది. 2005లో ఒక పాత్రికేయుడి జీవితచరిత్రలో అబద్ధాలు బయటపడ్డాక, పేరు నమోదు చేసుకోనివాళ్లు కొత్త పేజీ పెట్టకుండా ఆపేశారు. నియమాలు పెరిగాయి, కాపలా ప్రోగ్రాములు వచ్చాయి. 2007లో నెలకు 51,000 దాకా ఉన్న చురుకైన రచయితలు ఆ తర్వాత తగ్గుతూ వచ్చారు. మంచి ఉద్దేశంతో రాసిన మొదటి వాక్యాన్నే ఎవరో కొట్టేస్తే, రెండోది రాయబుద్ధవుతుందా?

తెలుగు కథ వేరు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీలో తొలి రోజుల్లో రాసేవాళ్లే లేరు. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడమే అప్పట్లో పెద్ద పని. కొద్దిమంది పోగయ్యాక ఊళ్ల పేజీలు బాటుకు అప్పజెప్పారు. పట్టిక ఇస్తే చాలు, ఆ ప్రోగ్రాము ఒకటి రెండు వాక్యాల పేజీలను, అంటే మొలకలను, వేలల్లో నాటేస్తుంది. తర్వాత 2011 జనగణన లెక్కలు చేరాయి: ఇళ్లెన్ని, హెక్టార్లెన్ని, పోస్టాఫీసు ఎంత దూరం. ఈస్టిండియా కంపెనీ మద్రాసుకు పోకముందు, 1620లలో, దుగరాజపట్నంలో స్థావరం వేసుకున్న సంగతి ఏ జనగణన పట్టికలోనూ దొరకదు. అది మనిషి రాయాల్సిందే.

ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి, క్రమం తప్పకుండా దిద్దేవాళ్లు మాత్రం కొద్దిమందే. రచ్చబండ అనే వికీ చర్చాపేజీలో మాట్లాడేదీ వాళ్లే, జిల్లాలు మారితే పేజీలు సర్దేదీ వాళ్లే. బాటు సాయం తీసుకోవడం తప్పని నేననను. అది లేకపోతే చాలా ఊళ్లకు పేజీయే ఉండేది కాదు. కానీ పుట్టించినంత తేలిక కాదు పోషించడం.

మీది జువ్వలదిన్నె అయినా మైపాడు అయినా, ఊరి పేజీ ఓసారి తెరవండి. హార్బరు గురించో, అక్కడి వలల గురించో రెండు వాక్యాలు రాసి, ఆధారంగా ఓ పుస్తకమో పత్రిక వార్తో చూపండి. ఆధారం లేకపోతే తీసేస్తారు, అందులో మొహమాటం ఉండదు.