ఊరి పెద్దల బాల్యము – ఊరి చరిత్ర

పానిపట్టు యుద్ధాలు ఎన్ని అని అడిగితే మన బడిపిల్లలు తడుముకోకుండా మూడు అని చెబుతారు. ప్లాసీ యుద్ధం 1757లో జరిగిందని చెబుతారు. తళ్ళికోట యుద్ధం ఎప్పుడంటే 1565 అంటారు. అదే పిల్లలను, “మీ ముత్తాతగారు పలక పట్టుకొని బడికి వెళ్ళిన కాలంలో మీ ఊరిని ఏలినవారెవరు?” అని అడిగితే, కొంచెం ఆలోచించి, “ఇంగ్లీషువారు” అంటారు. నంద్యాల పిల్లవాడు ఆ మాట అంటే సరిపోతుంది; ఆళ్లగడ్డ పిల్లవాడు అన్నా సరిపోతుంది. బనగానపల్లె పిల్లవాడు అంటే మాత్రం అది సగం నిజమే అవుతుంది.

ఎందుకంటే 1948 వరకు బనగానపల్లె ఒక సంస్థానం. ఆంగ్లేయ ప్రభుత్వపు అధిరాజ్యానికి లోబడినదే అయినా తనకంటూ ఒక నవాబు గల చిన్న రాజ్యమది. తిరువాన్కూరు, కొచ్చి, పుదుక్కోట, సండూరులతోపాటు మదరాసు ప్రభుత్వంతో సంబంధం కలిగిన ఐదు సంస్థానాలలో ఇదొకటి. వాటిలో తెలుగునేల మీద ఉన్నది ఇదొక్కటే. వైశాల్యం 255 చదరపు మైళ్ళు. 1901 జనాభా లెక్కల ప్రకారం నివసించినవారు 32,264 మంది. చుట్టూ కర్నూలు జిల్లా. ఆ జిల్లాలో పుట్టి పెరిగినవాడు ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం చేస్తే మరొక ప్రభుత్వపు సరిహద్దులో అడుగుపెట్టేవాడు.

ఈ సంస్థానపు కథ బిజాపూరు సుల్తానులతో మొదలవుతుంది. 1665లో ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు ఈ జాగీరు దక్కింది. తరువాత బిజాపూరు మొగలాయిల వశమైనా జాగీరు ఆ కుటుంబంలోనే నిలిచింది. 1724 తరువాత వారు హైదరాబాదు నిజామునకు సామంతులైనారు. నడుమ మైసూరు హైదరాలీ ఆధిపత్యాన్నీ అంగీకరించవలసి వచ్చింది. టిప్పు సుల్తాను కాలంలో ఇల్లువాకిళ్ళు విడిచి హైదరాబాదుకు వెళ్ళి తలదాచుకొని, 1789లో తిరిగి వచ్చారు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తం చేసినప్పుడు చుట్టుప్రక్కల పల్లెలన్నీ దత్తమండలంలో చేరి సర్ థామస్ మన్రో పాలన క్రిందికి పోగా, బనగానపల్లె మాత్రం తన నవాబుతో నిలిచింది. ఆర్థికమైన చిక్కులవల్ల 1905లో కొంతకాలం మదరాసు ప్రభుత్వం పాలనను తన చేతిలోనికి తీసుకొన్నది. చివరి నవాబు మీర్ ఫజల్ అలీ ఖాన్ 1922 నుండి 1948 వరకు ఏలినాడు. స్వాతంత్ర్యానంతరం సంస్థానం భారతదేశంలో విలీనమై, మదరాసు రాష్ట్రపు కర్నూలు జిల్లాలో కలిసిపోయింది.

ఇంతవరకు పుస్తకాలలో దొరుకుతుంది. దొరకని దొకటున్నది. ఈ మార్పులన్నీ ఒక సామాన్యుని జీవితంలో ఎట్లా కనిపించినవి? 1948 నాటికి పదేళ్ళ వయసున్న ఒక బనగానపల్లె బాలుని తలచుకొనండి. అతడు సంస్థానంలో పుట్టినాడు. మదరాసు రాష్ట్రంలో పెద్దబడికి వెళ్ళినాడు. 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో కౌమారం గడిపినాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ పౌరుడైనాడు. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లావాసి అయినాడు. ఇంతా చేసి అతడు ఇల్లు మారలేదు. అదే వీధి, అదే నాపరాతి అరుగు. ఆ అరుగు మీద కూర్చొని అతడు చెప్పగలిగిన విషయాలు ఏ గెజెటీరులోను ఉండవు.

మా చిన్నతనంలో ఇంటి పెద్దలు సంవత్సరాలను అంకెలతో లెక్కపెట్టేవారు కారు. “నవాబుగారి కాలంలో” అని ఒక కాలం, “మదరాసులో కలిసిన తరువాత” అని ఇంకొక కాలం. పిల్లల వయసు కూడా ఆ లెక్కలోనే చెప్పేవారు. వేసవి వస్తే ఎండుగడ్డిలో కాయలు మాగవేసేవారు; గదిలో వాసన నిండిన నాటినుంచి పిల్లల కళ్ళన్నీ ఆ తలుపు మీదనే. దేశమంతటా మా ఊరి పేరుతో అమ్ముడయ్యే ఆ పండును ఊళ్ళోని ముసలివారు కొందరు బేనిషాన్ అనేవారు. ఆ పారసీక పదానికి మచ్చలేనిది అని అర్థమని పెద్దయినాక తెలిసింది. తెలుగు పల్లెలో పండిన పండుకు పారసీకం పేరు ఎట్లా వచ్చిందో పరిశీలించిన పిల్లవానికి బిజాపూరు మొదలుకొని హైదరాబాదు వరకు రెండు మూడు శతాబ్దాల చరిత్ర తెలుస్తుంది. 2017 మే నెలలో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు లభించి, ఊరి పేరు చట్టపు రక్షణ పొందింది.

అట్లే కాళ్ళక్రింది నాపరాయి. ఇంటి నేల, గోడ, పశువుల కొట్టం, పొలం గట్టు – అన్నీ ఆ బండలే. పిల్లలమైన మాకు అవి వట్టి రాళ్ళు. భూగర్భశాస్త్రజ్ఞులు మాత్రం కర్నూలు సీమ శిలలను వరుసకట్టి, వాటిలో వజ్రాలు దొరికే ఒక పొరకు బనగానపల్లె పేరే పెట్టినారు. ఇక్కడ పూర్వం వజ్రపు గనులు తవ్వేవారు. రవ్వ అంటే వజ్రమని నిఘంటువు చెబుతుంది. పోతులూరి వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను మేపుతూ కాలజ్ఞానం వ్రాసినట్లు సంప్రదాయం చెప్పే కొండ పేరు రవ్వలకొండ. ఊరి పేర్లు, కొండల పేర్లు, పొలాల పేర్లు కూడా చరిత్రకు ఆధారాలేనని పిల్లలకు బోధించడానికి ఇంతకంటె దగ్గరి పాఠం ఏమి కావాలి?

ఇటువంటి ముచ్చట్లను చరిత్ర అనవచ్చునా అని సందేహించేవారు ఉండవచ్చు. వారికి ఇంగ్లండు దేశపు ఒక పల్లెను చూపవలసి ఉన్నది. బనగానపల్లె సంస్థానం అంతరించిన 1948లోనే జార్జి యూవర్ట్ ఎవాన్సు అనే రచయిత సఫోకు మండలంలోని బ్లాక్సాల్ అనే చిన్న పల్లెకు కాపురం వచ్చినాడు. ఆయన భార్య ఆ పల్లెబడి ఉపాధ్యాయిని. ఎవాన్సు కూడా పూర్వం బడిపంతులే. ఇరుగుపొరుగున ఉన్న ముసలివారితో మాట్లాడుతూ ఉండగా ఆయనకు ఒక విషయం స్ఫురించింది. కొడవళ్ళతో పంట కోయడం, గొర్రెల బొచ్చు కత్తిరించడం, ఇంట్లో రొట్టె కాల్చడం – వందల ఏళ్ళుగా సాగిన ఈ పనులు యంత్రాలు రావడంతో ఒక్క తరంలో ఆగిపోయినవి. వాటిని స్వయంగా చేసినవారు ఎదుట ఉన్నారు. వారు పోతే చెప్పేవారు లేరు. ఆయన విన్నదంతా వ్రాసి 1956లో పుస్తకంగా ప్రకటించినాడు. గడ్డి కోసినవారినే అడుగుమని దాని పేరుకు తాత్పర్యం. ఆ 1948లోనే లీస్టరు విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంగ్లీషు స్థానిక చరిత్రకు ప్రత్యేకంగా ఒక శాఖ వెలసింది. దాని ఆచార్యుడైన హాస్కిన్సు పొలం గట్టును, కంచెను, కాలిబాటను గ్రంథంవలె చదవవచ్చునని చూపించినాడు. విశాల సామ్రాజ్యాన్ని ఏలిన దేశం తన పల్లెటూరి ముసలివారి మాట వినడానికి కూర్చున్నది ఆ సామ్రాజ్యం సడలిపోతున్న సమయంలోనే కావడం గమనింపదగినది.

అయితే ఈ విద్య మనకు పరదేశపు దిగుమతి కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ దత్తమండలాలలో సర్వే జరిపించిన కాలంలో ఆయన సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల దండకవిలెలను, వృద్ధుల మాటలను, శాసనాలను సేకరించి కైఫీయత్తులు వ్రాయించినారు. ఆ పనికి ప్రాణం పోసినవారు తెలుగువారైన కావలి సోదరులు. వారిలో బొర్రయ్య 1803లోనే అకాలమరణం చెందగా, లక్ష్మయ్య ఆ భారం మోసినాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మదరాసునుండి కాశీకి బయలుదేరి, అహోబిలం, మహానంది, శ్రీశైలం దర్శించి, త్రోవలోని ఊళ్ళ స్థితిగతులను దినచర్యగా వ్రాసినాడు. 1872లో శ్రీరంగరాజ చరిత్రము రచించి తొలి తెలుగు నవలాకారులలో గణనకెక్కిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారే 1886లో కర్నూలు జిల్లా మాన్యువలును కూర్చినారు. ఊరి చరిత్ర వ్రాయడం మన సాహిత్యకారులకు పరాయిపని కానేకాదు.

పెద్దల జ్ఞాపకమంతా యథార్థమేనా అన్నది తరువాతి ప్రశ్న. కాదు. జ్ఞాపకం సంవత్సరాలను తారుమారు చేస్తుంది; ఇద్దరి కథను ఒకరికి అంటగడుతుంది; చిన్ననాటి వీధిని పెద్దదిగా, చిన్ననాటి ధరలను చౌకగా చూపుతుంది. అందుచేత దానిని తోసివేయనక్కరలేదు, పరీక్షించాలి. ఈ సీమలోనే దానికి మంచి ఉదాహరణ ఉన్నది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసి, 1847 ఫిబ్రవరి 22న అక్కడనే ఉరితీయబడినాడు. దొరల కాగితాలు ఆయనను తిరుగుబాటుదారు అన్నవి. జనం పాటలు వీరుడన్నవి. తేదీలు, దండయాత్రల వివరాలు కాగితాలవల్ల తెలిసినవి. జనానికి ఆయన ఏమైనాడో, ఎందుకు ఇన్ని తరాలు మరవలేదో పాటలవల్ల తెలిసింది. రెండింటిలో ఏ ఒక్కటి పోయినా ఆ చరిత్ర కుంటుపడేది.

మరొక ఉదాహరణ యాగంటి బసవన్న. ఆ నంది ఏటేటా పెరుగుతున్నదని భక్తుల విశ్వాసం. తమ చిన్నతనంలో దాని చుట్టూ తిరిగి ప్రదక్షిణం చేసేవారమని, ఇప్పుడు స్తంభానికి, నందికి నడుమ దూరే చోటు లేదని పెద్దలు చెప్పుకొంటారు. ఉపాధ్యాయుడు ఆ మాటను నవ్వి త్రోసివేయవద్దు. ఊరకే తల ఊపి ఊరుకోనూ వద్దు. తన విద్యార్థులచేత, ఆలయంవారి అనుమతితో, ఆ సందును కొలిపించి, అంగుళాలు, తేదీ వేసి బడి పుస్తకంలో వ్రాయించాలి. ఇరవై ఏళ్ళ తరువాత వచ్చే ఉపాధ్యాయునికి ఆ ఒక్క పంక్తి ఎంతటి కానుక!

ఇంత తొందర ఎందుకంటే, మరపు మనకంటె వేగంగా నడుస్తున్నది. బనగానపల్లెలోని నవాబు బంగళాను చూడడానికి నేడు దూరప్రాంతాలనుంచి జనం వస్తున్నారు. వారు దానిని అరుంధతి కోట అంటారు. 2009లో వచ్చిన ఆ పేరుగల చలనచిత్రాన్ని అక్కడ తీయడమే దానికి కారణం. సినిమా తీయడంలో తప్పు లేదు. ఆ బంగళాకు పేరు తెచ్చింది కూడా అదే. అయితే ఇరవై ఏళ్ళైనా నిండకముందే, మూడు శతాబ్దాలు ఏలిన వంశపు కట్టడానికి కల్పితకథలోని రాచకన్య పేరు స్థిరపడిపోయింది. ఊరి పిల్లలు కూడా ఆ పేరే చెబుతున్నారు. నవాబులు మంచివారని గాని చెడ్డవారని గాని నిర్ణయించడానికి ముందు, వారు ఉండేవారన్న సంగతైనా మిగలాలి కదా! సంస్థానాన్ని కళ్ళారా చూసినవారిలో అప్పటికి పదేళ్ళ వయసున్నవారు కూడా నేడు ఎనభై అయిదు దాటిన వృద్ధులు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. దసరా సెలవులలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించండి. ఒక్కొక్కరు ఊళ్ళోని ఒక్క వృద్ధుని దగ్గర ఒక సాయంకాలం కూర్చోవాలి. “చరిత్ర చెప్పండి తాతా” అంటే ఎవరూ చెప్పలేరు. “మాకేమి తెలుసు నాయనా” అంటారు. చిన్న ప్రశ్నలు వేయాలి. మీరు చదివిన బడి ఎక్కడ ఉండేది? అక్కడ తెలుగు చెప్పేవారా, ఉరుదూ చెప్పేవారా? నీళ్ళు ఏ బావినుంచి తెచ్చుకొనేవారు? ఆ బావిలో ఎవరిని చేదుకోనిచ్చేవారు, ఎవరిని రానిచ్చేవారు కారు? పన్ను ఎవరికి కట్టేవారు? నవాబు ఎప్పుడైనా కనిపించినాడా? పీర్లపండుగకు ఎవరెవరు వచ్చేవారు? రాయి కొట్టేవారికి కూలి ఎంత? అవ్వలను తప్పక అడగాలి. తిరగలి, పొయ్యి, పురుడు, పెండ్లి – వీనిని గురించి ఏ దర్బారు కాగితమూ చెప్పదు. చెప్పినవారి మాటను దిద్దకుండా, మన సీమ యాసలోనే వ్రాయాలి. చెప్పినవారి వయసు, తేదీ, వారు ఒప్పుకొంటే పేరు వేయాలి. ఒకే సంగతిని మరొకరిని కూడా అడిగి, తేడా ఉంటే రెండూ వ్రాయాలి. తరువాత బడిలోని పాత ప్రవేశ పట్టికతోను, గుడిలోని శాసనంతోను, మసీదు గోడమీది రాతితోను పోల్చి చూడాలి.

ముప్పది మంది పిల్లలు ఉన్న తరగతికి ముప్పది కథనాలు వస్తాయి. వానిని ఒక దళసరి పుస్తకంలో మంచి దస్తూరితో ఎత్తి వ్రాసి, అట్టవేసి, బడి బీరువాలో ఉంచండి. మెకంజీ సహాయకులు ఊరికి వచ్చిన నాటికి కరణం ఇంట దండకవిలె ఉండబట్టే కైఫీయత్తు పుట్టింది. రేపు మన ఊరి చరిత్ర వ్రాయబూనినవాడు బడి తలుపు తట్టి అడిగినప్పుడు, ఆ బీరువా తెరిచి చేతికి ఇవ్వడానికి ఒక పుస్తకం ఉండాలి.